పాంక్రియాసోళ్ళు ఎవరన్నా ఉన్నరా?

ముందే చెబుతున్నాను, నేను మంచిదాన్ని కాను. మా ఆయన మంచాన పడ్డ ఆ ఏడాది గోపాల్‌పేటలో నా చేత తిట్లు తినని మనిషి లేడు. పలకరించడానికి వచ్చినవాళ్ళను తిట్టాను, రానివాళ్ళను తిట్టాను, ఆపిల్ పళ్ళు పట్టుకొచ్చినవాళ్ళను ఇంకా ఎక్కువ తిట్టాను. ఏం తిన్నా ఇమడని మనిషి తలగడ పక్కన కవర్లకు కవర్లు పళ్ళు పెట్టి, "మంచిగ తిని గట్టిపడాలె అన్నా" అని చెప్పి చక్కా పోయేవాళ్ళను ఏమనాలి? పళ్ళు మెత్తబడిపోతుంటే తీసుకెళ్ళి బర్రెకు వేశాను. వేస్తుంటే చూసిన పక్కింటామె ఊరంతా చెప్పింది. చెప్పుకోనీ.

బస్టాండుకు ఎదురుగా మాకు రెండు షట్టర్లు ఉండేవి. ఒకదాంట్లో నా టిఫిన్ హోటల్. రెండోదాంట్లో ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఎండాకాలం వస్తే కాలిపోయిన మోటార్లు ట్రాక్టర్ల మీద వచ్చి పడేవి. పగలంతా గోడకు ఇటు నేను, అటు ఆయన. చాయ్ కావాలంటే పానాతో గోడ మీద కొట్టేవాడు. "చేతులు ఖాళీ లేవు, వచ్చి తాగు" అని నేను అరిచేదాన్ని. ఆయన వచ్చేవాడు కాదు, నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ముందుగా కళ్ళు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్ళంతా దురద మాత్రం ఉండేది. మా దగ్గర కళ్ళు పచ్చబడితే ఎవరూ దవాఖానకు పోరు. అవి కామెర్లు, కామెర్లకు పసరు, ఇందులో ఆలోచించడానికి ఏముంది? బల్మూర్ అవతల ఒక ఊళ్ళో పసరు పోసే పెద్దమనిషి ఉన్నాడంటే మూడు ఆదివారాలు పరగడుపున తీసుకుపోయాను. ఆయన పసరు పోసి పత్యం చెప్పాడు. ఉప్పు వద్దు, నూనె వద్దు, కారం వద్దు, పసుపు అసలే వద్దు. చప్పటి అన్నం, మజ్జిగ, అంతే.

పత్యం పెట్టడంలో నన్ను మించిన రాక్షసి ఇంకొకతె ఉండదు. పొద్దున నాలుగు వాయిల వడలు తీసే హోటల్లో, ఆయన ఒక వడ చేతిలోకి తీసుకుంటే, గిరాకీల ముందే లాక్కున్నాను. "జర రుచి చూస్తనే" అన్నాడు. "చూస్తే చస్తవ్" అన్నాను. నోటికి ఎంత మాట వస్తే అంత అనేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఐదు వారాలు ఒక్క ఉప్పురాయి పడనివ్వలేదు. ఆయన చిక్కిపోయాడు. బెల్టుకు తానే మేకు పెట్టి కొత్త బెజ్జాలు కొట్టుకున్నాడు. ఒకరోజు దొడ్డి నుంచి వచ్చి, "ఏందో సున్నం లెక్క తెల్లగ పోతుందే" అని నవ్వాడు. "దోషం బయటికి పోతుంది, పత్యం పనిచేస్తుంది" అన్నాను. పైగా ఆ మాట హోటల్‌కు వచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పాను.

పైత్యరసం కిందికి దిగే దారి మూసుకుపోతే అలా తెల్లగా పోతుందట. ఆ సంగతి ఆరో వారం స్కానింగులు తిరిగి తిరిగి పట్నం పెద్ద దవాఖానకు చేరాక ఒక డాక్టరమ్మ చెప్పింది. క్లోమంలో గడ్డ. పాంక్రియాస్ అంటారు దాన్ని. కాలేయానికి కూడా అంటుకుంది, కోసి తీసేది కాదు. దారి తెరవడానికి ట్యూబు వేస్తామన్నారు. సూదిమందులతో కొంతకాలం ఆపవచ్చు, తగ్గించడం మాత్రం కాదన్నారు. ఎంతకాలమని మా మరిది అడిగాడు. ఏడాది దాటితే అదృష్టమంది. ఆయన అప్పుడు లోపల స్కానింగు బల్ల మీద ఉన్నాడు.

మా మరిది అక్కడే, దవాఖాన క్యాంటీన్‌లో, ఒట్టు వేయించాడు. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్న నా బిడ్డను కూడా పిలిపించాడు. "తక్కువ కాదని తెలిస్తే అన్న ఆ దిగులుకే పోతడు వదినే. నీకు నోరాగదు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టు" అన్నాడు. మా వైపు బిడ్డ మీద ఒట్టంటే మామూలు మాట కాదు. ఆ ఒట్టు తప్పితే బిడ్డకే ఏదో అవుతుందని పుట్టినప్పటి నుంచి వింటాం. పిల్ల ఏడుస్తూ తల వంచింది. నేను చెయ్యి పెట్టాను. నిజం చెప్పనా? ఆ నిమిషంలో నాకు బరువు దిగినట్టే అయింది. చెప్పాల్సిన పని నాది కాకుండా పోయింది కదా.

ఇక అక్కడి నుంచి అబద్ధాల సంసారం. గడ్డ ఉంది, సూదులకు కరుగుతుంది, ఎండాకాలానికి వైండింగ్ షట్టర్ తెరవచ్చు అని ముగ్గురం పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాళ్ళం. ఆయన తలూపేవాడు. ఆ తలూపు చూస్తే నాకు గుండె మండేది. ఆ మంట ఎవరి మీదో ఒకరి మీద పడేది.

దవాఖానలో బుధవారం నాడు రోగుల ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పే మీటింగ్ ఉంటుందని, పొమ్మని నర్సు వెంట పడితే ఒకసారి పోయాను. కుర్చీలు గుండ్రంగా వేశారు. మధ్యలో ప్లాస్టిక్ పూలు. నా బిడ్డ కంటే రెండేళ్ళు పెద్దదేమో, ఒక అమ్మాయి మైకులో "మనం పాజిటివ్‌గా ఉండాలి, రోగం మీద గెలవాలి" అంది. రొమ్ము క్యాన్సర్ బాగైన ఇద్దరు లేచి తమ కథలు చెప్పారు. వాళ్ళు బాగుపడినందుకు సంతోషించాలి. నాకు సంతోషం రాలేదు, ఏడుపు వచ్చింది, ఏడుపు వస్తే నాకు కోపం వస్తుంది. నా వంతు రాగానే "మాది గెలిచేది కాదంట, ఇప్పుడు నేనేం పాజిటివ్‌గ ఉండాలె తల్లీ?" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. లేచి వచ్చేశాను. తర్వాత ఎవరో నా నంబరు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేశారు. తెల్లారితే గులాబీలు, సూర్యోదయాలు, చేతులు జోడించిన బొమ్మలు. నాలుగో రోజు బయటికొచ్చాను.

మూడో నెలలో, సూదిమందు కోసం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన నా పక్కనే ఉన్నాడు. అటు చివర నుంచి ఒక గొంతు వినిపించింది, సంతలో కూరగాయలమ్మే గొంతు.

"పాంక్రియాసోళ్ళు ఎవరన్నా ఉన్నరా? క్లోమం పేషెంట్లోళ్ళు! పాంక్రియాసోళ్ళు!"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. యాభై ఏళ్ళు ఉంటాయేమో, నల్ల బురఖా, ముఖం మీది ముసుగు వెనక్కి వేసుకుంది, చేతిలో మందుల కవరు. ఒక్కో బెంచీ దగ్గర ఆగి అడుగుతోంది. మా ఆయన నా వైపు తిరిగాడు.

"ఏందే గది, పాంక్రియాసంటే?"

"ఎవరికెరుక? ఏదో ఒకటి. ఊకో నువ్వు."

ఆమె మా దగ్గరికి రానే వచ్చింది. "మీదేంది అమ్మా?"

"మాది కాదు" అన్నాను.

ఆమె నా ఒళ్ళో ఉన్న ఫైలు చూసింది. దాని మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో అదే రాసి ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆమెకు ఆ ఒక్క మాట మాత్రం బాగా వచ్చు. ఫైలు చూసి, ఆయన్ను చూసి, నన్ను చూసి, "సరేలే, కాదులే" అని ముందుకు పోయింది. ఆ "కాదులే" విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచినీళ్ళు తెస్తానని చెప్పి ఆమె వెంట పోయాను. నల్లా దగ్గర పట్టుకున్నాను.

"నీకు సిగ్గుందా? ఆయనకు తెల్వదు. నట్టనడుమ నిలబడి మైకు లెక్క ఒర్లుతవేంది?"

"తెల్వదా? ఎన్ని దినాలైంది?"

"నీకెందుకు?"

"తింటుండా?"

"నీకెందుకంటున్న!"

"దొడ్డికి పోతే నూనె తేలుతుందా?"

మూడు నెలల్లో ఏ చుట్టమూ, ఏ పక్కింటామె, ఆ మీటింగ్ అమ్మాయి కూడా అడగని ప్రశ్న అది. తేలుతోంది. వాసనకు ఆయన సిగ్గుతో చచ్చిపోతున్నాడు. తింటే పోవాల్సి వస్తుందని తినడమే మానేశాడు. నేను ఎవరికి చెప్పుకోను? ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్ళకు చెప్పుకోనా?

"తేలుతుంది" అన్నాను.

"అరుగుదలకు పెద్ద గోళీలిచ్చిన్రు కద. ఎప్పుడేస్తున్నవ్?"

"తిన్నంక. అన్నీ తిన్నంకనే గద వేసేది."

"హాయ్ అల్లా! బువ్వ దిగిపోయినంక ఇగ ఆ గోళీ ఎవరికి పనిచేస్తది? మొదటి ముద్దతోని ఒకటి, నడుమ ఒకటి. గుడ్డు తిన్నా గంతే, పాలు తాగినా గంతే. పోయి మీ డాక్టరమ్మను అడుగు. నాది అబద్ధమైతే చెప్పు తీసుకొని కొట్టు."

గద్వాల అవతల వడ్డేపల్లి వాళ్ళది. అన్నకు ఇదే రోగం, పోయి నలభై రోజులు. నలభయ్యో రోజున చేసే చాలీస్వా అయిన మర్నాడే బస్సెక్కి వచ్చిందట, మిగిలిన ఆ గోళీల కోసం. దవాఖానవాళ్ళు వాపసు తీసుకోలేదట. "పారేయబుద్ధి కాలే. గిదే రోగమోళ్ళకు గాక ఇంకెవరికి పనికొస్తయ్?" అని కవరు నా చేతిలో పెట్టింది. కవరు మీద పెన్నుతో ఫోన్ నంబరు రాసింది. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. ఇంకోసారి ఆ వరండాలో ఒర్లితే ఊరుకోనని చెప్పి వచ్చాను.

డాక్టరమ్మను అడిగాను. "తింటూ వేసుకోవాలని మొదటే చెప్పాం కదమ్మా" అని విసుక్కుంది. ఆ కవరు చూపిస్తే గడువు చూసి, అదే మందు, వాడుకోమంది. ఆ వారంలో ఆయన ఒక ఉడకబెట్టిన గుడ్డు తిని ఇముడ్చుకున్నాడు. పదిహేను రోజులకు రెండు ఇడ్లీలు అల్లం చట్నీతో తిన్నాడు. నేను లోపలికి పోయి, బియ్యం డ్రమ్ము మీద తల పెట్టి ఏడ్చాను. పత్యం అని కడుపు మాడ్చింది నేను, మందు ఉండి కూడా సరిగ్గా వేయనిది నేను. ఊరి మీద పడి అరిచేదాన్ని గాని, నిజానికి నేను కొట్టాలనుకున్న మనిషి నేనే.

ఆమెకు ఫోన్ చేశాను. అన్న చనిపోయాక వాళ్ళ పిండి గిర్నిని ఆమే నడుపుతోంది. ఎప్పుడు చేసినా గిర్ని తిరుగుతూనే ఉంటుంది. "గట్టిగ చెప్పమ్మా, ఇనవడతలేదు!" అని అరుస్తుంది. నేను కూడా అరవాలి. అలా హోటల్లో నిలబడి, ఆయన దొడ్డి సంగతులు, వాంతి సంగతులు, ఇడ్లీలు తింటున్నవాళ్ళ నెత్తిన అరిచి చెప్పాను. ఒకాయన ప్లేటు వదిలేసి లేచిపోయాడు. పోతే పోనీ.

ఆమె మెత్తగా ఒక్క మాట మాట్లాడేది కాదు. నడుము నొప్పికి దిండు పొట్టకు అదుముకొని పక్కకు తిరిగి పడుకోబెట్టమంది, కొంచెం కొంచెం ఆరుసార్లు పెట్టమంది. అవన్నీ పనిచేశాయి. నొప్పికి డాక్టరు మత్తు గోళీలు రాస్తే, అవి అలవాటైపోతాయని చుట్టాలు భయపెట్టారు. ఆ మాటే ఆమెతో అన్నాను. "కానీ అలవాటు. ఎన్నేండ్ల సంగతని భయపడుతున్నవ్?" అంది. ఫోన్ పెట్టేశాను. రెండు రోజులు ఆమెను మనసులో తిడుతూనే ఉన్నాను. మూడో రోజు డాక్టరు రాసిన లెక్కన గోళీ వేశాను. ఆయన ఆ రోజు మధ్యాహ్నం కాళ్ళు చాపుకొని పడుకున్నాడు. నెల రోజులుగా ముడుచుకునే పడుకుంటున్న మనిషి.

ఏం మాట్లాడినా చివర ఒకటే అడిగేది. "చెప్పినవా ఆయనకు?"

"లేదు."

"చెప్పు."

"ఒట్టు పెట్టిన. బిడ్డ మీద."

రోజూ ఇదే. ఒకరోజు ఆమెకు విసుగొచ్చింది. "చెప్పకుంటే నీ ఇష్టం. రేపటి సంది నాకు ఫోన్ చెయ్యకు" అని కట్ చేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నా ఫోన్ ఎత్తదా! చిర్రెత్తుకొచ్చింది. మరిదిని అన్న దగ్గర కూర్చోబెట్టి, బస్సెక్కి గద్వాల పోయి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకొని వడ్డేపల్లిలో దిగాను, ఆమెను నాలుగు కడిగేయడానికి. బస్సులో ఒక్కో మాట తయారు చేసుకున్నాను కూడా.

గిర్నిలో ఆమె మిరపకాయలు ఆడిస్తోంది. నేను నోరు తెరిచేలోపే తుమ్ములు పట్టుకున్నాయి. తిడదామని వచ్చినదాన్ని పది తుమ్ములు తుమ్మి కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆమె గిర్ని బంద్ చేసి, నీళ్ళిచ్చి, ఒక ఖాళీ సంచి పరిచింది.

"కొట్లాడనీకి వచ్చినవ్ గద? ముందుగాల నా సంగతి విను. మళ్ళ కొట్లాడు" అంది.

వాళ్ళన్నకు కూడా చెప్పలేదు. కడుపులో పుండు అని చెప్పారు. పుండైతే తగ్గాలి కదా, తగ్గడం లేదు. ఆయన ఆలోచించుకున్నాడు. చెల్లెలు పెద్ద దవాఖానలో సరిగ్గా చూపించడం లేదు, గిర్ని తన పేరు మీద చేసుకోవాలని చూస్తోంది అనుకున్నాడు. ఆ మాట ఒకసారి ముఖం మీదే అన్నాడు. కాదని చెప్పాలంటే నిజం చెప్పాలి. ఆమె చెప్పలేదు. చివరి మూడు వారాలు ఆమె చేతి గంజి తాగలేదు. ఆమె గదిలోకి వస్తే గోడ వైపు తిరిగేవాడు.

"నన్ను దొంగను చూసినట్టు చూసుకుంట పోయిండమ్మా. నా చేతుల మీద పెరిగిన లెక్క ఉంటుండె మా భాయ్ నాతోని. నిజం చెప్తే ఏడుస్తుండె. ఏడిస్తే ఏమైతుండె? ఇద్దరం ఏడుస్తుంటిమి గద. ఇప్పుడు పోయి ఎవరికి చెప్పాలె, గోరీ కాడ కూసోని చెప్పాలెనా?"

ఆమె ఏడవలేదు. మిరపపొడి చేతులతో కళ్ళు తుడుచుకోలేక అలా చేతులు దూరంగా పట్టుకొని కూర్చుంది. నేను బస్సులో తయారు చేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "గోళీల కోసం పట్నం దాకా వచ్చింది గందుకేనా?" అన్నాను. "మరి? నాకేమన్నా పనిలేకనా?" అంది. మళ్ళీ ఆ గొంతే. వచ్చేటప్పుడు జొన్నపిండి కట్టి ఇచ్చింది. వద్దంటే తిట్టింది.

గద్వాల బస్టాండులో కూర్చొని బిడ్డకు ఫోన్ చేశాను. ఒట్టు తప్పుతున్నానని చెప్పాను. నీ తల మీద పెట్టిన చెయ్యి, నీకేమన్నా అయితే నేను బతకనని చెప్పాను. ఇంత వయసొచ్చి, ఇంత నోరున్నదాన్ని, ఒట్టుకు భయపడ్డాను.

"నా తల మంచిగనే ఉంది మమ్మీ. నాకు ఆ రోజే చెప్పాలని ఉండె, మీరు ఏడుస్తుంటే ఊకున్న. చెప్పు నాయినకు" అంది.

ఇంటికి రాగానే మరిదిని పంపేశాను. మంచం పక్కన కింద కూర్చొని చెప్పాను. ఎలా చెప్పాలో వడ్డేపల్లి ఆమె చెప్పలేదు, నాకు చేతకాదు. "గది తక్కువ అయ్యేది కాదు. మొదట్నే చెప్పిన్రు. మేము నీకు అబద్ధం చెప్పినం" అన్నాను.

ఆయన పొట్టకు అదుముకున్న దిండు పక్కకు తీశాడు.

"క్యాన్సరని ఎరుకే. దవాఖాన బోర్డు సదువుతలేనా నేను? తక్కువైతదని మీరన్నరు గద. గది నమ్మిన" అన్నాడు. తర్వాత "ఎన్ని దినాలాయె నీకు తెల్సి?" అన్నాడు.

"నాలుగు నెలలు."

"నాలుగు నెల్లు." లేవబోయి లేవలేక మోచేతి మీద ఆగాడు. "తక్కువైతదని, గోళీలు మింగి గోడకు తిరిగి పండుకున్న నాలుగు నెల్లు. నువ్వేమో హోటల్ల ఉంటివి. తక్కువైనంక కూసొని మాట్లాడుకుంటమనుకున్న. తెలిస్తే ఇద్దరం కూసుందుము గదనే. కూసుందుము గద."

ఇరవై రెండేళ్ళలో నేను ఆయన్ను అన్న మాటలకు లెక్క లేదు. ఆయన నన్ను అన్నది ఇదొక్కటే. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, గోళీ ఇస్తే మింగాడు, నా ముఖం చూడలేదు. నేను హోటల్ షట్టర్ దించేశాను. మంచం పక్కనే కూర్చున్నాను. ఆయన మాట్లాడకపోతే నేనూ మాట్లాడలేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే.

నాలుగో రోజు పొద్దున, "ఆ గిర్నామెకు ఫోన్ కలుపు" అన్నాడు. నిజం చెప్పిన రోజే ఆమె గురించి కూడా ఆయనకు అంతా చెప్పాను. కలిపి ఇచ్చాను. "నువ్వు బయటికి పో" అన్నాడు.

పోయాను. తలుపు అవతల నిలబడ్డాను, ఎందుకు నిలబడను? ఆయన అడిగేవి వినిపించాయి. ఆమె చెప్పేవి వినిపించలేదు. "ఆఖరికి మస్తు నొప్పైతదా అమ్మా?" అన్నాడు. "మాట పడిపోతదా ముందుగాల?" అన్నాడు. "మనిషికి తెలుస్తదా?" అన్నాడు. ఒక్కోదానికి "ఊఁ", "అట్లనా" అన్నాడు. నేను తలుపు చట్రం పట్టుకున్నాను. ఆ ప్రశ్నలు నేను రాత్రీ పగలూ మనసులో పెట్టుకొని, ఎవరినీ అడగలేక, ఊరందరినీ తిట్టినవే. కట్టుకున్న దాన్ని నేనుండగా, వరండాలో ఒక్కసారి చూసిన మనిషిని అడుగుతున్నాడు. కుళ్ళు పుట్టింది. పుట్టలేదని అబద్ధం చెప్పను.

"లోపటికి రా" అని పిలిచాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు. "నేను అడిగేది అడిగిన. ఇప్పుడు నువ్వడుగు" అన్నాడు.

"నేనేం అడగాలె?"

"నేను పోయినంక సంగతి."

ఆ మాటకు నాకు పిచ్చి లేచింది. ఫోన్ లాక్కున్నాను. "ఏం చెప్పినవే ఆయనకు? ఏం చెప్పి భయపెట్టినవ్?" అని ఆమె మీద పడ్డాను.

"అడిగిండు, చెప్పిన. భయపడలే ఆయన, నువ్వే ఒర్లుతున్నవ్" అంది అవతల నుంచి.

"లొల్లి ఆపి అడుగు" అన్నాడు ఆయన. "నేనుండంగనే అడుగు. తర్వాత ఎవర్ని అడుగుతవ్? ఊర్ల ఒక్కన్ని గూడ ఇడ్వలే, అందర్ని తిట్టి పెట్టుకున్నవ్."

నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియదు. మంచం అంచున కూర్చున్నాను. ఏం అడగాలో నిజంగానే తెలియలేదు. నోటికి వచ్చింది అడిగేశాను.

"మీ అన్న పోయిన తెల్లారి నువ్వేం చేసినవ్?"

అటు గిర్ని చప్పుడు ఆగింది. ఆమె ఆపినట్టుంది.

"పండుకున్న" అంది. మొదటిసారి ఆమె గొంతు మెల్లగా వినిపించింది. "ఇంటినిండ జనముండె. నేను లోపలి అర్రల తలుపు పెట్టుకొని పండుకున్న. మా భాభీ తలుపు కొట్టింది, చుట్టాలు కొట్టిన్రు, నేను తియ్యలే. మాపటిదాంక లెవ్వలే. ఎన్ని నెల్ల నిద్రనో ఏమో. భాయ్ పోతే గిట్ల ఎట్ల పండుకుంటివే అని అందరు అన్నరు. నాకు గూడ మస్తు సిగ్గైంది."

ఆయన దిండు పొట్టకు అదుముకొని కళ్ళు మూసుకొని వింటున్నాడు. అలాగే కళ్ళు తెరవకుండా చెయ్యి చాపి నా మోకాలు మీద పెట్టాడు.

"ఇన్నవా? నువ్వు గూడ గట్లనే పండుకో" అన్నాడు. "ఎవ్వలొచ్చి తలుపు కొట్టినా లెవ్వకు."